తరుగు రాయని పుస్తకం

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఈ ఏడు తెనాలిలో మా మామయ్య కారు కూడా కదల్లేదు. పండగ మర్యాద పాటించి కాదు, క్లచ్ జారుతోంది. భోగికి ముందురోజు విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ వచ్చి, బండి కింద దూరి చూసి, చీటీ మీద మూడు పద్దులు రాసి వెళ్లాడు. నాలుగు టైర్లకి 20,000, క్లచ్‌కి 18,000, కింద బుషులకీ షాక్ అబ్జార్బర్లకీ కలిపి 10,000. మొత్తం 48,000.

అది 2014 ఉగాదికి కొన్న డీజిల్ కారు. ఏపీ 07 నంబరు. రాష్ట్రం రెండు ముక్కలు కావడానికి రెండు నెలల ముందు రోడ్డెక్కింది. మామయ్య ట్రెజరీలో పని చేసి 2020లో రిటైరయ్యారు. ఆరేళ్లు రోజూ గుంటూరు వెళ్లొచ్చిన బండి, ఆ తర్వాత ఆరేళ్లు ఎక్కువగా వేపచెట్టు కిందే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను "అమ్మేయండి మామయ్యా" అన్నాను. ఆయన లోపలికెళ్లి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. సాయంత్రం దీపం పెట్టే వేళ దాకా నడిచిన మాటలివి. కొన్నిచోట్ల గొంతులు లేచాయి, అవి వదిలేస్తున్నాను.

మామయ్య: చూడు. పన్నెండేళ్లలో ఒక్క పద్దు తప్పిపోలేదు. డీజిల్ 5,45,000. సర్వీసులు, రిపేర్లు, టైర్లు, బ్యాటరీలు కలిపి 2,55,000. ఇన్సూరెన్సు 1,40,000. మొత్తం 9,40,000. బండి తిరిగింది 1,38,000 కిలోమీటర్లు. భాగించు.

నేను: ఆరు రూపాయల ఎనభై ఒక్క పైసలు.

మామయ్య: కిలోమీటరుకి ఏడు రూపాయలు కూడా పడలేదు. ఇద్దరెక్కితే మనిషికి మూడున్నర. ఇంత చవకగా తిప్పే బండిని అమ్మమంటావేంట్రా?

నేను: పుస్తకంలో ఒక పద్దు లేదు మామయ్యా.

మామయ్య: ఏది? టోల్ గేట్లా? వెనక పేజీలో వేరే రాశాను.

నేను: తరుగు.

(ఈ మాటకి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డెల్టాలో పుట్టిన మనిషికి తరుగంటే ఏమిటో నేను చెప్పాలా? కళ్లంలో తూచిన ధాన్యం మిల్లుకి చేరేసరికి తేమనీ తాలనీ బస్తాకి ఇంతని కోసేస్తారు. నగ చెరిపిస్తే కంసాలి మజూరీతో పాటు తరుగు కూడా పట్టుకుంటాడు. ఆ రెండు చోట్లా పైసకి పైస పోట్లాడే మనిషి, గుమ్మం ముందున్న కారు పన్నెండేళ్లుగా తరుగుతుంటే ఒక్కసారి కూడా తూచలేదు.)

నేను: కొన్నప్పుడు ఎక్స్‌షోరూం 6,15,000. దాని మీద 12 శాతం లైఫ్ ట్యాక్సు 73,800. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను కలుపుకుని 7,20,000 అయింది. ఈరోజు ఉన్నదున్నట్టు ఇస్తే 1,90,000 వస్తుంది. అంటే 5,30,000 కరిగిపోయింది. డీజిల్‌కి మీరు పోసిన మొత్తమూ ఇంచుమించు ఇంతే. అది కూడా కలిపితే 14,70,000. కిలోమీటరుకి పదిన్నర దాటింది.

మామయ్య: జేబులోంచి తీసి ఇస్తేనే ఖర్చు. అది నా జేబులోంచి ఎప్పుడు పోయింది?

నేను: 2014లో ఒకేసారి పోయింది. మీరు కొనుగోలు పేజీలో రాసి, ఆస్తి అని మడతేసి పెట్టారు. అందుకే ఖర్చులో కనిపించలేదు. ఇంకోటి కూడా ఉంది. ఆ డబ్బు ఫిక్సుడులో ఉంటే వడ్డీ వచ్చేది. సగటున నాలుగున్నర లక్షలు బండిలో ఇరుక్కున్నాయనుకుంటే, 7 శాతం చొప్పున పన్నెండేళ్లకి 3,78,000. అది కూడా వేస్తే కిలోమీటరుకి దాదాపు పదమూడున్నర.

మామయ్య: వడ్డీ కూడానా? ఆ డబ్బు ఫిక్సుడులో ఉంటే మీ అత్తయ్య వంటిల్లు కట్టించేది. ఎక్కడ దాచినా మిగిలేది కాదు. అయినా సరే, తరుగు వరకు ఒప్పుకుంటాను. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఈ 5,30,000 ఏ ఏటికి ఎంత పోయిందో చెప్పు.

నేను: మొదటి అయిదేళ్లలో 3,30,000. 2019లో మీ ఎదురింటాయన ఇదే మోడలు బండిని 3,90,000కి అమ్మాడు కదా, ఆ లెక్కన. తర్వాతి ఏడేళ్లలో 2,00,000.

మామయ్య: అంటే మొదట్లో ఏడాదికి 66,000, తర్వాత 29,000 కూడా లేదు. అవునా? నీ తరుగంతా నేను ఎప్పుడో భరించేశాను. చెరుకు మొదలంతా నమిలి, తీపి చివర మిగిలాక పారేయమంటావా? కొత్త బండి కొన్న వాడు షోరూం గేటు దాటేలోపే లక్ష పోగొట్టుకుంటాడు. నా బండికి పోవడానికి ఇంక ఏముందిరా? నువ్వు తెచ్చిన లెక్క నా వైపే మాట్లాడుతోంది.

(నిజమే. చెరుకు మాట తలకిందులైంది గాని, లెక్క మాత్రం సరిగ్గా తగిలింది. తరుగు పట్టించుకోని మనిషికి తరుగు నేర్పిస్తే, ఆ పాఠం పాత బండి వైపే తిరుగుతుంది. నేను ఇది ముందే ఊహించాల్సింది.)

నేను: ఒప్పుకున్నాను. అయితే పుస్తకం మూసేద్దాం.

మామయ్య: అదేంటి, ఓడిపోగానే పుస్తకం మూస్తావా?

నేను: జరిగిపోయినదంతా ఎవరు ఎటు లాగినా ఒకటే. 5,30,000 పోయిందని అమ్మనక్కర్లేదు, తరుగు భరించేశాం గనక ఉంచుకోనూ అక్కర్లేదు. అడగాల్సింది ఒకటే. ఈ సంక్రాంతి నుంచి వచ్చే సంక్రాంతి దాకా ఈ బండి ఇంట్లో ఉంటే ఎంతవుతుంది?

మామయ్య: చెప్పు మరి.

నేను: ఇవాళ 1,90,000 పలికేది వచ్చే ఏటికి 1,55,000. తరుగు 35,000.

మామయ్య: ఏడేళ్లు సగటున 29,000 అన్నావు, ఇప్పుడు 35,000 ఎలా అయింది? తగ్గాలి గాని పెరుగుతుందా?

నేను: రెండు కారణాలు. ఒకటి, ఆర్‌సీకి పదిహేనేళ్ల గడువు 2029 మార్చికి తీరిపోతుంది. కొనేవాడు వయసు చూడడు, మిగిలిన ఏళ్లు చూస్తాడు. రెండు, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్తదాని ధర తగ్గితే పాతదాని మీద బేరం పెరుగుతుంది. ఇక 1,90,000 మీద వడ్డీ 13,300. ఇన్సూరెన్సు 7,000, అందులో థర్డ్ పార్టీ వాటాయే జీఎస్టీ కాకుండా 3,416. మామూలు సర్వీసు 9,000. మేస్త్రీ చీటీ 48,000. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతారు కాబట్టి డీజిల్ 32,300. అన్నీ కలిపి 1,44,600. కిలోమీటరుకి 24 రూపాయలు. మీరన్నది ఆరూ ఎనభై ఒకటి.

మామయ్య: ఆగాగు. టైర్లు ఒక్క ఏడాదికేనా? క్లచ్ ఏడాదికోసారి మారుస్తామా? 48,000 మొత్తం ఈ ఏటి నెత్తిన రుద్దడం ఏ పద్ధతి? ట్రెజరీలో అలా చేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు.

నేను: ఎన్నేళ్లకి పంచమంటారు?

మామయ్య: మూడు. తక్కువలో తక్కువ.

నేను: సరే, ఏడాదికి 16,000. అప్పుడు మొత్తం 1,12,600. కిలోమీటరుకి 19 లోపు. కానీ మూడేళ్లకి పంచాలంటే మూడేళ్లు ఉంచుకోవాలి. మేస్త్రీకి 48,000 ఇస్తున్నారంటే 2029 దాకా ఈ బండితోనే ఉంటానని కాగితం రాసిచ్చినట్టే. అది మీకు ఇష్టమేనా? ఇప్పుడు డబ్బు పెట్టేసి, ఉగాదికి మనసు మారి అమ్మితే ఆ 48,000లో ఎంత తిరిగొస్తుంది?

మామయ్య: కొత్త టైర్లు చూస్తే కొనేవాడు ఒక మెట్టు దిగుతాడు.

నేను: ఒక మెట్టే. బాగుచేసి పెడితే 2,10,000 పలుకుతుందేమో, దాటదు. 20,000 కోసం 48,000 పెట్టినట్టు. అందుకే ఈ చీటీ చేతిలో ఉండగానే తేల్చుకోవాలి. పని చేయించేశాక ఈ మాట మాట్లాడితే లెక్క మారిపోతుంది. అప్పుడు మంచి క్లచ్, మంచి టైర్లు ఉన్న బండి అవుతుంది, ఉంచుకోవడమే నయమని నేనే అంటాను. డబ్బు పెట్టామన్న బాధతో కాదు, ఆ డబ్బుతో కొన్న మూడేళ్ల ఆయుష్షు ఇంకా మిగిలి ఉంటుంది గనక.

(చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. "మొన్ననే నలభై వేలు పెట్టాం, ఇప్పుడెలా అమ్ముతాం" అంటారు. ఆ మాటలో సగం తప్పు, సగం ఒప్పు. పెట్టిన డబ్బుని తలచుకుని ఉంచుకోవడం తప్పు. ఆ డబ్బుకి వచ్చిన వస్తువు ఇంకా అరగలేదు కాబట్టి ఉంచుకోవడం ఒప్పు. పైకి రెండూ ఒకేలా వినిపిస్తాయి.)

మామయ్య: సరే, అమ్మాననుకో. దేనిలో తిరగాలి? కొత్తది కొనమంటావు.

నేను: కొత్త పెట్రోలు కారు ఆన్‌రోడ్ 7,50,000 అనుకోండి. ఎనిమిదేళ్లకి 2,70,000 పలుకుతుందనుకుంటే ఏడాదికి తరుగు 60,000. వడ్డీ 35,700. ఇన్సూరెన్సు సగటున 16,000. సర్వీసూ టైర్లూ కలిపి సగటున 10,000. పెట్రోలు 36,300. మొత్తం…

మామయ్య: 1,58,000. నోటి లెక్క ఇంకా పోలేదులే. నా బండికి నువ్వు అన్యాయంగా 48,000 ఒకే ఏట వేసినా 1,44,600. అంటే ఎంత చెడ్డ ఏడైనా కొత్తదానికంటే నా పాతదే చవక. విన్నావుటే? (ఇది వంటింట్లోకి.)

వంటింట్లోంచి అత్తయ్య "వింటున్నా, మీరు గెలవలేదు, వాడింకా ఏదో దాచాడు" అంది.

దాచిన మాట నిజమే. పాతదా కొత్తదా అన్నది మామయ్య పందెం. దానిలో ఆయనే గెలుస్తారని నాకు తెలుసు. నడిచే పాత బండిని వదిలి కొత్తది కొంటే ఖర్చు తగ్గిందని చెప్పే వాళ్లుంటారు గాని, లెక్క వేసి చూపించమంటే మైలేజీ దగ్గరే ఆగిపోతారు. నా అనుమానం వేరే చోట ఉంది.

నేను: కొత్తది కొనమని నేననలేదు. 6,000 కిలోమీటర్లకి కారే అవసరమా అంటున్నాను. అందులో 2,400 ఊళ్లోవే. బోసు రోడ్డుకీ, బ్యాంకుకీ, గుడికీ. వారానికి నాలుగు సార్లు ఆటో, సారికి 80. ఏడాదికి 16,640. బయటి ఊళ్లకి 3,600. కిలోమీటరుకి 14 చొప్పున ట్యాక్సీకి 50,400. పదిహేను ప్రయాణాలకి డ్రైవరు బత్తా 7,500. మొత్తం ఇంచుమించు 74,500. మీ బండికి 1,12,600.

మామయ్య: ఊళ్లో తిరిగే దానికి కూడా కిలోమీటరు లెక్కేనా?

నేను: అసలు చేటు అక్కడే. రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే డీజిల్ ఇంజిను వేడెక్కనే వేడెక్కదు, మసి పట్టేస్తుంది. వారం కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. డీజిల్ బండి రోజూ గుంటూరు పోయొచ్చేటప్పుడు మీకు సరిగ్గా సరిపోయింది. అప్పుడు ఏడాదికి 17,000 తిరిగేవారు. ఇప్పుడదే బండి మీకు చాలా పెద్ద ఎద్దు. రోజూ మైళ్లు తిరిగే వాడి చేతిలో దీని విలువ వేరు. పైగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా కంపెనీలు చిన్న డీజిల్ కార్లు మానేశాయి. కావాలనుకునే వాడికి ఇలాంటివే దిక్కు. దుగ్గిరాల పసుపు యార్డు చుట్టూ తిరిగే వాళ్లలోనే అడిగేవాళ్లు దొరుకుతారు.

మామయ్య: నువ్వు చెప్పిన 74,500లో ఒక తప్పుంది.

నేను: ఎక్కడ?

మామయ్య: 6,000 కిలోమీటర్లు తిరుగుతామనుకున్నావు. ట్యాక్సీ అయితే మేం అన్ని తిరగం. రేపల్లెలో మీ అత్తయ్య చెల్లెలు ఉంది. సాయంత్రం నాలుగింటికి బుద్ధి పుడితే అయిదుకల్లా బయల్దేరుతాం, రాత్రికి తిరిగొస్తాం. ట్యాక్సీ పిలవాలంటే ముందురోజు చెప్పాలి, రానూ పోనూ డబ్బు, వాడు బయట కూర్చుని గడియారం చూసుకోవడం. రెండుసార్లు వెళ్తాం, మూడోసారి "ఫోన్లో మాట్లాడుదాంలే" అంటాం.

నేను: అయితే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

మామయ్య: అదేరా నీ తప్పు. వెళ్లని ప్రయాణం నీ లెక్కలో మిగులు. మా లెక్కలో నష్టం.

(దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. సొంత బండిలో ఖర్చు కంటికి కనపడదు, అందుకే ఎక్కువ తిరుగుతాం అనేది నా ఫిర్యాదు. ఖర్చు కంటికి కనపడకపోవడం వల్లే తిరగగలుగుతున్నాం అనేది ఆయన మాట. రెండూ ఒకే నిజం. కాదనడానికి నాకు వయసు చాలలేదు.)

అత్తయ్య (గుమ్మంలోంచి): ఆ రాత్రి సంగతి కూడా చెప్పండి.

మామయ్య: 2022లో. రాత్రి రెండింటికి మీ అత్తయ్యకి గుండెలో పట్టేసింది. చివరికి గ్యాస్ అని తేల్చారనుకో. పదిహేను నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. అది ఏ పద్దులో రాయమంటావు?

నేను: 108 ఉంది.

మామయ్య: ఉంది. నేను కాదనలేదు. ఆ నిమిషంలో నా చేతిలో తాళం ఉండటం వేరు.

నేను: మరి ఆ తాళం తిప్పితే క్లచ్ జారే బండి అయితే? అరిగిన టైర్లతో రాత్రి రెండింటికి?

మామయ్య: …

నేను: పోనీ ఇలా చూడండి. 1,12,600లోంచి 74,500 తీసేస్తే 38,100. నెలకి 3,200 లోపు. గుమ్మం ముందు బండి ఉండటానికి మీరిచ్చే అద్దె అదీ. రేపల్లె సాయంత్రాలకీ, ఆ రాత్రికీ కలిపి. అది ఇవ్వదగిన డబ్బేనా?

మామయ్య: నెలకి మూడు వేల రెండొందలా? అంతేనా? దానికి ఇంతసేపు చంపావా? ఇస్తాను.

నేను: ఇవ్వండి. నాకు అభ్యంతరం లేదు. ఆరూ ఎనభై ఒకటి అనుకుని ఇవ్వొద్దన్నదే నా గొడవ.

(మధ్యాహ్నం "అమ్మేయండి" అన్న నేను సాయంత్రానికి ఇక్కడికొచ్చాను. సిగ్గు పడాల్సిందేమీ లేదనుకుంటాను.)

మామయ్య: అయితే 2029 దాకా ఉంచుతాను. పదిహేనేళ్లు నిండగానే ఢిల్లీలోలా పట్టుకుపోయి తుక్కు చేస్తారంటున్నారు కదా, ఆ రోజు ఇచ్చేస్తాను. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే.

నేను: పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు అనే ఆంక్ష ఢిల్లీ చుట్టుపక్కలది. 2015లో హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మనకి అది వర్తించదు. ఇక్కడ పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. దానికి తోడు గ్రీన్ ట్యాక్సు. చట్టం ఉంచుకోనిస్తుంది, కొనేవాడే వెనకడుగు వేస్తాడు. ఏనుగు సామెత కారుకి పని చేయదు. 2029 ఫిబ్రవరిలో ఇచ్చే వాడికీ 2028లో ఇచ్చే వాడికీ ఒకే ధర రాదు. గడువు ఇంకా ఏడాది ఉండగా అమ్మడమే మేలు.

మామయ్య: అమ్మడమంటే నాకు వేరే భయం. 2009లో స్కూటరు అమ్మాను గుర్తుందా? బ్రోకరు ఫారం 29, ఫారం 30 ఖాళీగా పెట్టి సంతకాలు చేయించుకున్నాడు. కొన్నవాడు పేరు మార్పించుకోలేదు. మూడేళ్ల తర్వాత ఎక్కడో ఎవర్నో గుద్దితే పోలీసులు నా ఇంటికొచ్చారు. ఉద్యోగంలో ఉన్నాను, పరువు పోయినంత పనైంది.

నేను: ఆ భయం సరైనదే. రికార్డులో ఎవరి పేరుంటే వాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అమ్మేశానని మీరు చెప్పుకున్నా, ప్రమాదం జరిగితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. అమ్మిన పద్నాలుగు రోజుల్లో మనమే రవాణా ఆఫీసుకి తెలియజేయాలి. ఖాళీ ఫారాల మీద సంతకం వద్దు. పేరు మారినట్టు కంటితో చూశాకే చివరి పాతిక వేలు తీసుకునే బేరం పెట్టుకోవాలి. ఇంకో సంగతి. అయిదేళ్లుగా క్లెయిము లేదు కాబట్టి మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. అది బండిది కాదు, మీది. అమ్మేటప్పుడు కంపెనీ నుంచి లెటరు తీసుకుంటే మూడేళ్లలోపు ఇంకో బండికి వాడుకోవచ్చు.

మామయ్య: ఈ మాట నాకెవడూ చెప్పలేదే!

ఆయన చీటీని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. టైర్లు ఒక్కటే వేయించి, క్లచ్ ఉగాది దాకా లాగితే ఎలా ఉంటుందని అడిగారు. సగం పని చేయిస్తే సగం డబ్బు వృథా, ఉంచితే మొత్తం చేయించండి, అమ్మితే ఒక్క రూపాయీ పెట్టకండి, అప్పటిదాకా ఊరు దాటించకండి అన్నాను. సమాధానం చెప్పలేదు. అత్తయ్య కాఫీ తెచ్చింది. వేపచెట్టు ఆకులు కారు బానెట్ మీద రాలుతున్నాయి. ఎవరూ లేచి తుడవలేదు.

కాఫీ అయ్యాక మామయ్య ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, స్కేలు తెప్పించి, కుడివైపు కొత్తగా ఒక గడి గీశారు. పైన "తరుగు" అని రాశారు. ఈ ఏటికి 35,000 వేస్తారనుకున్నాను. పేజీలన్నీ వెనక్కి తిప్పుకుంటూ 2014 దగ్గరికి వెళ్లారు.

నేను: అది జరిగిపోయింది కదా మామయ్యా. ఇక దానితో పనేముంది?

మామయ్య: ప్రారంభ నిల్వ రాయకుండా ఖాతా ఎలా తెరుస్తార్రా? ఆ ఎదురింటాయన ఎంతకి అమ్మాడన్నావు, మళ్లీ చెప్పు.